మణుగూరు నీళ్ళు

కొత్త మిక్సీ ఇంట్లోకి వచ్చి టీ తాగినంతసేపు కూడా కాలేదు. బాబూరావు చేతులు అప్పుడే దాన్ని పాత పేపరు మీద బోర్లా పడుకోబెట్టి, అడుగున చివరి మర తిప్పుతున్నాయి. నానిన మినప్పప్పు గిన్నె పట్టుకుని భార్య పుష్పలత పక్కన నిలబడింది.

"ఒక్కసారి రుబ్బుకోనివ్వండి. తర్వాత తీరిగ్గా విప్పుకుందురు."

"లోపల ఏమున్నదో చూడకుండ పప్పెట్ల పోస్తవే?"

"మోటారు ఉంది. అట్టపెట్టె మీద రాశాడుగా."

"రాసుడు వాళ్ళ పని. చూసుడు మన పని."

బాబూరావులో వింత ఇదొక్కటే. ఏ వస్తువునైనా విప్పి చూడందే వాడడు, ఇంట్లో ఎవరినీ వాడనివ్వడు. ఆ ఇంటికి వచ్చిన సీలింగు ఫ్యాను పైకెక్కే ముందు ఒక పూటంతా నేల మీద ముక్కలై పడుకుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కక ముందే విడిపోయింది. గొడుగు కొన్నవాడెవడైనా ఒకసారి తెరిచి చూసి ఊరుకుంటాడు. బాబూరావు దాని పుల్లలన్నీ ఊడదీసి వరసగా పేర్చుకుని, బయట వాన దంచుతుంటే వాటి మధ్య హాయిగా కూర్చున్నాడు. విప్పినవన్నీ మళ్ళీ బిగిస్తాడు, ఆ మాటకు లోటు లేదు. కాకపోతే ప్రతిసారీ ఒక మర మిగులుతుంది. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇది కంపెనోడు ఊకెనే పెట్టిండు" అని పచ్చడి సీసాలో వేస్తాడు. ఆ సీసా నిండిపోయి, పక్కన రెండోది వెలిసింది. ఇంట్లో ఏ వస్తువూ ఆగిపోలేదు గాని, అన్నీ కొంచెం పాడుకుంటూ పనిచేసేవి.

మణుగూరు బస్టాండు దగ్గర అతనికి మోటారుసైకిళ్ళ సీట్లు కుట్టే దుకాణం ఉంది. ఆ పని ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. చిరిగిన సీటొకటి ఊడదీసి, దారం ఎటునుంచి ఎటు పోయిందో చూసి, అదే దారిన తిరిగి కుట్టాడు. ఆ రోజు నుంచి గనుల కార్మికులైనా, అడవి ఊళ్ళ నుంచి సంతకు వచ్చేవాళ్ళైనా అతని చేతి సీటు మీద కూర్చున్నాక ఇంకో దుకాణం మెట్టెక్కలేదు. దుకాణంలో ఒక్క మరా మిగిలేది కాదు. ఇంట్లోనే ఎందుకు మిగిలేదో ఎవరూ ఆలోచించలేదు.

పక్క వాటాలో ఉండే అతని అక్క ముత్తక్కకు మాత్రం ఒక అభిప్రాయం ఉంది. గోడకు అటునుంచి రోజుకొకసారైనా వినిపించేది. "మా తమ్ముడు పెళ్ళికి ముందుగాల గిట్ల లేకుండె. దుకాణంల విప్పేటోడు, అది పని. ఇంట్ల అగ్గిపెట్టె సుత తెరవకుండె. నువ్వొచ్చినంకనే పుష్పా, ఈ రోగం."

"నేనేం చేశాను వదినా? నేనొక్కదాన్నే కదా ఈ ఇంట్లో విప్పకుండా మిగిలింది" అనేది పుష్పలత.

చెప్పుల్ని కూడా వదిలేవాడు కాదు. పుష్పలత మురిపెంగా కొనుక్కున్న చెప్పులు మర్నాడే దుకాణానికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేవి. "కుట్టు వదులుగుండె" అనేవాడు. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులదీ అదే గతి. పైగా వాటిని ఇంట్లో వేసుకుని తీరాలని పట్టు. గచ్చు చల్లగా ఉంటుందట. మే నెలలో మణుగూరులో గచ్చు చల్లగా ఉంటుందన్న మనిషి అతనొక్కడే.

ఇక పుష్పలతకున్న నమ్మకం గురించి చెప్పాలి. ఆమెది ఎర్రుపాలెం. చిన్నప్పుడు బండి మీంచి పడితే కాలికి కట్టు కట్టించారు. ఎముక అతికింది గాని, అప్పటినుంచి నడక ఒక పక్కకు ఒరిగింది, కాస్త నడిస్తే నడుం పట్టేసేది. పెళ్ళై మణుగూరు వచ్చిన నెలలోనే ఆ నొప్పి పోయింది, ఒరుగుడు పోయింది. ఆమె ఒకటే మాట తేల్చేసింది. "నాకు మణుగూరు నీళ్ళు పడ్డాయి."

పుట్టింటికి ఎప్పుడు వెళ్ళినా సంచి నిండా నీళ్ళ సీసాలే. ఒకసారి అక్కడ పెళ్ళిలో ఆమె చెప్పులు ఎవరో వేసుకుపోయారు. మధిరలో వేరే జత కొనుక్కుంది. సరిగ్గా అప్పుడే సీసాల్లో నీళ్ళు కూడా అయిపోయాయి. మూడు రోజుల్లో నడుం పట్టేసింది. "చూశారా, నీళ్ళ మహిమ" అంది మంచంలోంచే. ఆ మాట ఎంత పాకిందంటే, ఆమె అన్న వెంకటప్పయ్య తన మోకాళ్ళ కోసం మణుగూరు నుంచి రెండు క్యాన్లు తెప్పించుకుని తాగాడు. మోకాళ్ళ నొప్పి కదల్లేదు. "బస్సులో కుదుపుకి నీళ్ళు విరిగాయి" అన్నాడు గాని, నీళ్ళను తప్పుపట్టలేదు.

అలాంటి పుష్పలత నలభై ఆరో ఏట పరుగు మొదలుపెట్టింది.

కారణం ఎదురింటి వనజ. అడవిలోపలి ఊరి నుంచి వచ్చి ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరుగా పనిచేస్తోంది. రోజూ తెల్లవారుతూనే పగిడేరు దారిన పరిగెత్తి వస్తుంది. భద్రాచలంలో ఆడవాళ్ళకు పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని ఆమే చెప్పింది.

"వయసుతోని పనిలేదక్కా. ఆగకుండ పోయి వస్తే చాలు, మెడల్ ఏస్తరు."

పుష్పలతకు మెడల్ పట్టలేదు. ఆమెకు ఎర్రుపాలెం బడి గుర్తొచ్చింది. ఆటల పోటీల నాడు పిల్లలంతా పరిగెత్తేవాళ్ళు. పుష్పలతను మాత్రం గీత పక్కన కూర్చోబెట్టి, పరిగెత్తేవాళ్ళ చెప్పులన్నీ ఆమె ఒళ్ళో పెట్టి పోయేవాళ్ళు. ప్రతి ఏడూ అదే పని. ఏ చెప్పు ఎవరిదో ఆ ఊళ్ళో ఆమెకు తెలిసినంత చెప్పులు కుట్టేవాడికి కూడా తెలియదు. జన్మలో ఒక్కసారి ఆ గీతకు ఇవతల నుంచి కాకుండా, గీత మీద నుంచి వెళ్ళాలనిపించింది.

వెంకటప్పయ్య ఫోనులో నవ్వాడు. "పదేళ్ళప్పుడు పరిగెత్తనిదానివి, ఇప్పుడు పరిగెడతావటే?"

"అప్పుడు మణుగూరు నీళ్ళు లేవన్నయ్యా."

"సరేలే, రామయ్య దర్శనమూ అవుద్ది, నేనూ వస్తా. మడత కుర్చీ ఒకటి తెస్తాలే. మధ్యలో కూర్చోబుద్ధేస్తే మొహమాటపడకు."

మర్నాడే గుడ్డబూట్లు కొంది. ఆ మర్నాడు అవి దుకాణం నుంచి కుట్టు గట్టిపడి వచ్చాయి.

మొదటి రోజు కోళ్ళఫారం దాకా పరిగెత్తింది. పరిగెత్తిందనడం వనజ మంచితనం. ఆయాసంతో ఫారం అరుగు మీద కూలబడితే, కాపలావాడు గుడ్లు కావాలేమో అనుకుని ట్రే తెచ్చాడు. ఊరికే కూర్చోవడం బాగుండదని కొనుక్కుని, ఆ ట్రే పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. వారం రోజులు ఇంట్లో గుడ్డు కూర తప్ప ఇంకో కూర లేదు. ఆ తర్వాత ఫారం దాటింది, బడి గేటు దాటింది, చెరువు కట్ట ఎక్కింది.

బాబూరావు ఊరుకుంటాడా. పరుగును కూడా విప్పి చూడాలన్నాడు. పొద్దున్నే మోపెడ్ మీద ఆమె వెనకే, తల ఒక పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు వచ్చేవాడు. ఒకనాడు బొగ్గు లారీ ఒకటి వెనక నుంచి హారను కొడితే, చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఏందన్నా, యాక్సిడెంటా?" అన్నాడు డ్రైవరు.

"కాదు. మా ఇంటామె అడుగులు ఇనబడతలేవు. జర సప్పుడు చేయకుండ పో."

డ్రైవరు ఆయనను చూశాడు, ముందు పరిగెడుతున్న ఆమెను చూశాడు, ఇంజను ఆపేసి పల్లంలో లారీని అలా జార్చుకుంటూ పోయాడు. కోళ్ళఫారం దాకా అలా వెంట వచ్చి, దుకాణం తెరిచే వేళవుతుందని బాబూరావు వెనుదిరిగేవాడు. "సప్పుడు మంచిగున్నది" అని రోజూ ఒకటే మాట.

చిక్కంతా అసలైన పరుగు బూట్లతో వచ్చింది. పది కిలోమీటర్లకు గుడ్డబూట్లు ఆగవని వనజ తన ఫోనులోంచి చిలకాకుపచ్చ బూట్లు తెప్పించింది. పువ్వంత తేలిక, పరుపంత మెత్తన. పుష్పలత వాటిని గుండెకు హత్తుకుని, "వీటిని మాత్రం ఆయనకు చూపించను. మిక్సీలాగా ఇవి కూడా పాటలు పాడితే నేను పరిగెత్తలేను" అంది. బూట్లు బడిలోనే దాచింది. ఇంటి నుంచి గుడ్డబూట్లతో బయల్దేరడం, కోళ్ళఫారం దగ్గర మొగుడు వెనుదిరగగానే బడికి పోయి పచ్చబూట్లు తొడగడం.

వారం తిరిగేసరికి నడుం పట్టేసింది. పుట్టింటి నొప్పి, పేరు పెట్టి పిలిచినట్టు వచ్చింది.

పుష్పలత అస్సలు తికమకపడలేదు. ఆ వారమే వీధిలో పాత నీళ్ళ పైపు తీసి కొత్తది వేశారు. "నీళ్ళు మారాయి వదినా" అని ముత్తక్కకు చెప్పి, బిందె ఎత్తుకుని అవతలి వీధి పాత బోరింగుకు పోయింది. నొప్పితో బిందె మోస్తే నొప్పి పెరిగింది. పెరిగినకొద్దీ ఇంకా తాగింది. ఆ వారం ఆమె తాగిన నీళ్ళకు చెరువు కట్ట దాకా పరిగెత్తే తీరిక కూడా లేకపోయింది.

బాబూరావు మాత్రం నిజంగా తికమకపడ్డాడు. ఇంట్లో ఉన్న చెప్పులన్నీ దుకాణానికి పట్టుకుపోయి మళ్ళీ విప్పాడు, మళ్ళీ కుట్టాడు. "కోళ్ళఫారం దాక సప్పుడు మంచిగనే ఉన్నది. మరి నొప్పి యాడికెల్లి వచ్చింది" అని తనలో తనే గొణుక్కున్నాడు. రెండు మరలు మిగిలినవాడి మొహం అది.

పరుగు ఆదివారం. బుధవారం పొద్దున వనజ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "శనివారం దాక తగ్గకుంటే వద్దక్కా. వచ్చే ఏడు చూద్దాం." బూట్ల సంచి అక్కడే పెట్టి వెళ్ళింది. మధ్యాహ్నం వెంకటప్పయ్య ఫోను చేశాడు. "కుర్చీ కొన్నా. చేతులున్నది."

ఫోను పెట్టేసి పుష్పలత చాలాసేపు పచ్చబూట్ల వంక చూసింది. మళ్ళీ గీత పక్కన కూర్చోవడమే రాసిపెట్టి ఉందా. లేచి బూట్లు తొడుక్కుని వంటింటి దాకా నడిచింది. నడుం కలుక్కుమంది. విప్పేసి, ఇంటి చెప్పులు వేసుకుని నడిచింది. కలుక్కుమనలేదు. మళ్ళీ బూట్లు. కలుక్కు. మళ్ళీ చెప్పులు. ఏమీ లేదు. నీళ్ళు రెండుసార్లూ ఒకటే.

"లోపల ఏముందో" అనుకుంది. అనుకున్నాక, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ఉలిక్కిపడింది. అయినా పోయి మొగుడి బ్లేడు తెచ్చింది.

ముందు ఎడమ గుడ్డబూటు కోసింది. అడుగు పొర కింద నల్లని రబ్బరు ముక్క. గనుల్లో బొగ్గు మోసి అరిగిపోయాక పారేసిన బెల్టు రబ్బరు. మడమ దగ్గర మందం, ముందుకు వచ్చేకొద్దీ పలచబడి, చివర ఎక్కడ ఆగిందో వేలికి కూడా తెలియనంత నున్నగా చెక్కి ఉంది. కుడి బూటు కోసింది. ఏమీ లేదు. ఇంటి చెప్పులు కోసింది. ఎడమదాంట్లో ముక్క, కుడిదాంట్లో ఏమీ లేదు. అటక మీంచి పాత చెప్పుల సంచి దింపింది. పెళ్ళైన కొత్తలో వేసుకున్న జత దాకా అన్నీ కోసింది. అన్నింటిలోనూ ఎడమవైపే.

సాయంత్రం బాబూరావు గడపలో ఆగిపోయాడు. ఇల్లంతా విడిపోయిన చెప్పులు. మధ్యలో బ్లేడు పట్టుకుని పుష్పలత.

"ఏందే ఇది? గిట్ల విప్పిపెట్టినవ్?"

"లోపల ఏముందో చూడకుండా ఎట్లా తొడుక్కునేది?"

"మళ్ళ కుట్టస్తదా నీకు?"

"రాదు."

"కుట్టరానోళ్ళు విప్పొద్దు."

"నేను ఈ ఇంట్లో ఇన్నేళ్ళ నుంచి చెప్తున్న మాటే అది." రబ్బరు ముక్క ఎత్తి చూపింది. "ఇదేంటి?"

బాబూరావు ఫ్యాను వంక చూశాడు. అది పాడుకుంటోంది.

"రబ్బరు."

"రబ్బరని నాకూ తెలుసు. ఎడమదాంట్లోనే ఎందుకుంది?"

అతను వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు. "పెళ్ళయిన కొత్తల ఏమన్నవ్ నువ్వు? ఎవరన్న నీ కాళ్ళ దిక్కు చూస్తే ఒళ్ళు మండుతదన్నవ్."

"అన్నాను."

"నేను చూడలే. చెప్పుల దిక్కు చూసిన. రెండూ ఒక తీరుగ అరగలే. సీటు ఒక పక్కకు కుంగితే కింద చెక్క పెడతం గద. గంతే."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే నీ కాళ్ళ గురించి మాట్లాడినట్టయితది."

పుష్పలత రబ్బరు ముక్క కింద పెట్టింది. కళ్ళు మెల్లగా మిక్సీ మీదికి పోయాయి. "మరి మిక్సీ ఏం పాపం చేసింది?"

"ఒక్క చెప్పులే విప్పితే నీకు అనుమానం రాదా? అందుకని గడియారం విప్పిన. ఎనక ఇస్త్రీపెట్టె."

"ఫ్యాను?"

"అదీ అందుకే."

"గొడుగు?"

బాబూరావు కాసేపు ఆలోచించాడు. "గొడుగు నాటికి అలవాటయింది."

గోడకు అటునుంచి ముత్తక్క గొంతు వచ్చింది. "నేను చెప్పలే? నువ్వొచ్చినంకనే."

పుష్పలత మొదట నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. నవ్వీ నవ్వీ, "మరి నా నీళ్ళు?" అంది.

"మంచి నీళ్ళే. దూప తీరుతది."

అప్పుడు ఆమె సంచిలోంచి పచ్చబూట్లు తీసి అతని ముందు పెట్టింది. బాబూరావు వాటిని చూసిన చూపు, ఇంట్లో తనకు తెలియకుండా ఇంకో సంసారం నడిచిందని విన్నవాడి చూపు. "యాడ దాచినవ్?"

"బడిలో. మీరు విప్పుతారని."

"అందుకే," అన్నాడు. మొహం విచ్చుకుంది. "కోళ్ళఫారం అవతల సంగతి ఇది." చేతులు తుడుచుకుని, బ్లేడు అందుకుని, ఎడమ బూటు ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల వేలు పెట్టగానే అడుగు పొర దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. బాబూరావు చిన్నబుచ్చుకున్నాడు. "ఇదేందే, విప్పేటట్టే చేసిన్రు."

వెంటనే పనిలోకి దిగాడు. పరుగుకు బెల్టు రబ్బరు గట్టిది, సీటు స్పాంజి మరీ మెత్తనిది. రెండింటినీ పలచని పొరలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, బల్లమీద బరువు కింద ఉంచాడు. ఆరాక అద్దం ముక్క మీద పెట్టి అంచులు చెక్కాడు. ఒక్కో పొరను బ్లేడుతో గీరడం, బొటనవేలితో తడమడం, మళ్ళీ గీరడం. బూటులో పెట్టి, "నడువు" అన్నాడు. అని, కళ్ళు మూసుకున్నాడు.

పుష్పలత నడిచింది. అతను తల ఒక పక్కకు వంచి విన్నాడు. "ఎడమది ఆలస్యంగ పడతంది." మళ్ళీ గీరాడు. గురువారం గీరాడు, శుక్రవారం గీరాడు. ఇన్నేళ్ళూ పక్కగదిలో కూర్చుని ఈ మనిషి వింటున్నది ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. శనివారం పొద్దున, కళ్ళు తెరవకుండానే, "ఒక్క తీరున్నది" అన్నాడు. బూట్లు రెండూ ఆమె చేతిలో పెట్టాడు. నేల మీద ఏ ముక్కా మిగల్లేదు.

ఆదివారం భద్రాచలంలో గోదావరి మీద ఇంకా మంచు తెర ఉండగానే జనం చేరారు. వెంకటప్పయ్య కుర్చీ వేసుకుని గీత పక్కనే కూర్చున్నాడు. పుష్పలత, బాబూరావు మళ్ళీ కుట్టిచ్చిన చెప్పులు విప్పి, పచ్చబూట్లు తొడుక్కుని, తిన్నగా అన్న దగ్గరికి వచ్చి చెప్పులు ఒళ్ళో పెట్టింది. "కాస్త పట్టుకో అన్నయ్యా. జాగ్రత్త, అవి మంచి చెప్పులు."

వెంకటప్పయ్య ఏదో అనబోయేలోగా ఆమె గీత దాటింది.

చాలాసేపటికి ఒక్కొక్కరే తిరిగిరావడం మొదలైంది. వనజ ఎప్పుడో వచ్చి నీళ్ళు తాగుతోంది. బాబూరావు కరకట్ట పక్కన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి, "వస్తంది" అన్నాడు.

"ఎక్కడ? ఎవరూ కనపడట్లేదే" అన్నాడు వెంకటప్పయ్య.

"ఇనబడతంది."

మలుపు తిరిగి పుష్పలత వచ్చింది. ముందేమీ కాదు. ఆమెకంటే వెనక ఉన్నవాళ్ళు బహు కొద్దిమంది. మొహం కందగడ్డలా ఉంది, జడ ఊడిపోయింది. కానీ ఒరగకుండా, ఆగకుండా వచ్చింది. వెంకటప్పయ్య కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో తనకే తెలియదు. రెండు చేతుల్లో రెండు చెప్పులు ఎత్తి ఊపుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ చెప్పులు ఎవరికోనని భయపడి కాస్త ఎడంగా జరిగారు.

ఆమె గీత దాటి, ఊపిరి తీసుకుని, మెడలో మెడల్ వేయించుకుని అన్న కుర్చీలో దర్జాగా కూర్చుంది. బాబూరావు మెడల్‌ను అటూ ఇటూ తిప్పి, అంచు చుట్టూ వేలితో తడిమి, "మరలేం లేవు" అని వదిలేశాడు.

వెంకటప్పయ్య ఇంకా చెప్పులు పట్టుకునే ఉన్నాడు. ఒక చేతిని కిందికీ పైకీ ఆడించి, రెండో చేతిని ఆడించి చూశాడు. "చెల్లాయ్, ఈ ఎడమ చెప్పు బరువుగా ఉందేంటే?"

పుష్పలత బాబూరావు వంక చూసింది. బాబూరావు గోదావరి వంక చూశాడు.

"మణుగూరు నీళ్ళు అన్నయ్యా," అంది. చెయ్యి చాపి, అన్న చేతిలోంచి తన చెప్పులు అందుకుంది.